సంఘం సొమ్ము, సిబ్బంది జీతం: లెక్క ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతంలోని తెలుగు ఇళ్ళలో ఏదో ఒక సంఘానికి చందా ఇవ్వని ఇల్లు అరుదు. గుడి కమిటీ, భజన మండలి, కుల సంఘం, బడి నడిపే ట్రస్టు, పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ, మా సోమేనహళ్ళిలో ఉన్నటువంటి తెలుగు సంఘం, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. డబ్బు ఇస్తాం, రసీదు తీసుకుంటాం, దేవుడి పటం వెనక దోపుతాం. ఆ తర్వాత ఆ సొమ్ము ఏమైందని అడిగేవాళ్ళు చాలా తక్కువ. అడిగితే అవతలివాళ్ళను అనుమానించినట్టు అవుతుందని మనకు మొహమాటం. అందులోనూ జీతాల మాట ఎత్తితే మర్యాద తప్పినట్టే అనుకుంటాం.

గుమాస్తా పని చేసి రిటైరై, సంఘం లెక్కలు చూస్తున్నవాళ్ళుగా మేము చెప్పేది ఒకటే. లెక్క అడగడం సభ్యుడి హక్కు. లెక్క చూపడం సంఘం విధి. అది ఎక్కడ దొరుకుతుందో, ఎలా చదవాలో తెలిస్తే గొడవ లేకుండానే చాలా విషయాలు తేలుతాయి. మా సంఘంలో ఇది మేము కొంచెం ఆలస్యంగా, కొంచెం సిగ్గుపడి నేర్చుకున్నాం. ఆ సంగతి చివర్లో చెబుతాం.

సంఘం ఏ చట్టం కిందిది?

ముందు తెలుసుకోవలసింది ఇదే. మన జిల్లాలోని ఎక్కువ సంఘాలు 1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరు అయి ఉంటాయి. కొన్ని ట్రస్టు పత్రం రాసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైనవి. పెద్ద సంస్థలు కొన్ని కంపెనీల చట్టం 8వ సెక్షను కింద లాభాపేక్ష లేని కంపెనీలుగా ఉంటాయి. రసీదు పుస్తకం మీద, లెటరుహెడ్డు మీద రిజిస్టరు నంబరు, సంవత్సరం అచ్చు వేసి ఉండాలి. ఆ నంబరే లేకపోతే మొదటి ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

సంఘాల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. సమావేశం జరిగిన 14 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితా, ఆస్తి అప్పుల పట్టీ, ఆడిట్ అయిన ఆదాయ వ్యయాల పట్టీ జిల్లా రిజిస్ట్రారుకు అందించాలి. కర్ణాటకలో ఈ పని సహకార శాఖ చూస్తుంది. 2007లో కోలారు నుంచి విడిపోయి మన జిల్లా ఏర్పడింది కాబట్టి, పాత సంఘాల వాళ్ళు తమ ఫైలు కోలారులోనే ఉండిపోయిందా, చిక్కబళ్ళాపురానికి వచ్చిందా అని ఒకసారి విచారించుకోవడం మంచిది.

రిజిస్ట్రారు దగ్గర దాఖలైన కాగితాలను నిర్ణీత రుసుము కట్టి చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఏదో తేడా ఉందని గట్టిగా అనిపిస్తే ఆ చట్టంలోనే 25వ సెక్షను ఉంది. సభ్యుల్లో మూడో వంతు మంది గానీ, కార్యవర్గంలో ఎక్కువమంది గానీ అర్జీ పెడితే రిజిస్ట్రారు విచారణ జరపాలి. ఆయన తనంత తానుగా కూడా జరపవచ్చు.

చట్టం ఉన్నా పాటించేవాళ్ళు తక్కువ. 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు ఇచ్చిన వివరాల్లో దేశంలో దాదాపు 30 లక్షల స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయని, వాటిలో ఏటా లెక్కలు దాఖలు చేసేవి పదో వంతు కూడా లేవని తేలింది. వాటిలో దురుద్దేశం ఉన్నవి ఎన్నో, వార్షిక సమావేశమే జరపక వెనకబడినవి ఎన్నో ఆ అంకె చెప్పదు. మన వైపు రెండో రకమే ఎక్కువగా చూశాం. కార్యదర్శికి ఒంట్లో బాగుండదు, కోశాధికారి ఊళ్ళో ఉండడు, అట్లా మూడేళ్ళు గడిచిపోతాయి.

జీతాల గురించి చట్టం ఏమంటుంది?

సేవా సంస్థలో జీతం ఇవ్వడం తప్పు కాదు. పని చేసినవాళ్ళకు కూలి దక్కాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అయితే సేవ పేరు చెప్పి పీఎఫ్ ఎగ్గొట్టడానికి కూడా వీల్లేదు. చట్టం పట్టించుకునేది ఇంకో సంగతి. సంస్థను నడిపేవాళ్ళు తమకు, తమవాళ్ళకు మితిమీరి ఇచ్చుకుంటున్నారా అని.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షను ఈ విషయం చెప్పింది. సంస్థ స్థాపకుడు, ట్రస్టీ, మేనేజరు, పెద్ద దాత, వీళ్ళ బంధువులు, ఇలాంటివారికి చేసిన పనికి తగినదానికన్నా ఎక్కువ జీతం ఇస్తే సంస్థకున్న పన్ను మినహాయింపుకే ముప్పు వస్తుంది. ఆ చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టారు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. పన్ను మినహాయింపు పొందే సంస్థల ఆడిట్ నివేదికలో ఇలాంటి చెల్లింపులను ఆడిటరు విడిగా చూపాలి. సంస్థ దాఖలు చేసే పన్ను రిటర్ను మాత్రం మామూలు మనిషికి చూడడానికి దొరకదు. ఆడిట్ నివేదికను సంఘం దగ్గరే అడగాలి.

దాతలకు ఒక్క మాట. విరాళం మీద పన్ను మినహాయింపు (పాత చట్టంలో 80జీ) కావాలంటే రూ. 2,000 దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదు. 2021-22 నుంచి సంస్థ దానికి విడిగా ధ్రువపత్రం ఇవ్వాలి. ఉత్త రసీదు చేతిలో పెట్టి "80జీ ఉంది సార్" అంటే సరిపోదు.

ఎవరి జీతం ఎంతో బయట పెట్టాలని మామూలు సంఘాల మీద మన దేశంలో నేరుగా ఒత్తిడి లేదు. అయితే క్రెడిబిలిటీ అలయన్స్ అనే స్వచ్ఛంద సంస్థల కూటమి తన సభ్యుల కోసం కొన్ని నియమాలు పెట్టుకుంది. సంస్థ అధిపతి జీతం, అందరికన్నా ఎక్కువ తీసుకునే ముగ్గురి జీతం, అందరికన్నా తక్కువ తీసుకునే ఉద్యోగి జీతం వార్షిక నివేదికలో చూపాలని వాటిలో ఒకటి. ఈ నియమంలో మాకు బాగా నచ్చింది ఆ చివరి ముక్క. పైవాళ్ళు ఎంత తీసుకుంటున్నారని అందరూ అడుగుతారు. కిందివాళ్ళకు ఎంత ఇస్తున్నారని అడిగేవాళ్ళు ఎక్కడున్నారు?

విదేశీ విరాళం వచ్చే సంస్థలు

మన తాలూకాలకు ఇది కొత్త సంగతి కాదు. 1977లో బాగేపల్లిలో మొదలైన అడాట్స్ సంస్థ విదేశీ విరాళాల సాయంతో చిన్న రైతులను, కూలీలను కూలీ సంఘాలుగా కూడగట్టింది. 2005లో 5,500 గోబర్ గ్యాస్ పొయ్యిల పథకం ఐక్యరాజ్య సమితి కర్బన ఉద్గారాల వ్యవస్థలో నమోదైంది. ఎక్కడో ఐరోపాలో మొదలైన డబ్బు బాగేపల్లి పల్లెల్లో వంటింటి పొయ్యి దాకా వచ్చిందన్నమాట. డబ్బు అంత దూరం నడిచేటప్పుడు దారిలో ప్రతి మజిలీలోనూ లెక్క కనిపించాలి. చివరి మజిలీలో ఉన్న ఇల్లాలికి కూడా ఆ లెక్క అర్థం కావాలి.

విదేశీ విరాళం తీసుకునే ఏ సంస్థకైనా 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. 2020 సవరణతో ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు ఈ హద్దు 50 శాతం. ట్రస్టీల గౌరవ వేతనం, ఆఫీసు సిబ్బంది జీతాలు పరిపాలన ఖర్చులోకి వస్తాయి. ఆస్పత్రిలో డాక్టరు, బడిలో టీచరు లాంటి నేరుగా పని చేసేవారి జీతాలు అందులోకి రావు. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా ఫారం ఎఫ్‌సీ-4 దాఖలు చేయాలి.

ఇదివరకు ఈ వార్షిక రిటర్నులు కేంద్ర హోం శాఖ వెబ్‌సైటులో ఎవరికైనా కనిపించేవి. 2022 జూలైలో వాటిని తీసేశారు. మూడు నెలలకోసారి విరాళాలు ప్రకటించాలన్న నిబంధన కూడా అప్పుడే పోయింది. ఏడాది లెక్క ప్రకటించే బాధ్యత మాత్రం సంస్థల మీద ఉంది. ఇప్పుడు సంస్థ వెబ్‌సైటులోనే వెతకాలి, లేకపోతే ఉత్తరం రాసి అడగాలి.

ప్రభుత్వ సాయం అందుకునే సంస్థలు

2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రతి ప్రభుత్వ సంస్థ తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలంటుంది. సర్కారు నుంచి గణనీయంగా నిధులు అందుకునే స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో 2019 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. గణనీయం అంటే సగానికి మించి అని కాదు, ఆ డబ్బు లేకపోతే సంస్థ నడవడం కష్టమయ్యేంత అని అర్థం చేసుకోవాలి.

సర్కారు డబ్బు తీసుకోని సంఘం మాటేమిటి? కేరళలోని తలప్పాళం సహకార బ్యాంకు కేసులో 2013లో ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. సహకార సంఘం అన్నంత మాత్రాన అది ప్రభుత్వ సంస్థ కాదని ఆ తీర్పు చెప్పింది. అయితే రిజిస్ట్రారు చట్టప్రకారం రాబట్టగల సమాచారాన్ని రిజిస్ట్రారునే అడగవచ్చని కూడా చెప్పింది. మన సంఘాలకూ ఇదే దారి. అర్జీ రిజిస్ట్రారు ఆఫీసుకు పెట్టండి. రుసుము రూ. 10. కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం, 150 పదాల లోపు ఉండాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఫలానా సంఘం ఫలానా సంవత్సరాలకు దాఖలు చేసిన ఆడిట్ లెక్కల నకళ్ళు ఇప్పించగలరు" అని ఒక్క వాక్యం చాలు. కారణం రాయనక్కర్లేదు, కోపం అంతకన్నా అక్కర్లేదు.

బయటి దేశాల్లో మనవాళ్ళ సంఘాలు

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు, అక్కడి తెలుగు సంఘాలకు చందాలు ఇస్తున్నారు. అక్కడ పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏటా ఫారం 990 దాఖలు చేస్తుంది. అందులో డైరెక్టర్లు, ముఖ్య అధికారులకు ఎంత చెల్లించారో పేరుపేరునా ఉంటుంది. ఎవరడిగినా ఆ ఫారం చూపాలి. ప్రొపబ్లికా అనే వార్తా సంస్థ వెబ్‌సైటులో ఇవి ఉచితంగా చూడవచ్చు. ఏడాదికి 50,000 డాలర్ల లోపు రాబడి ఉండే చిన్న సంఘాలకు చిన్న ఫారం సరిపోతుంది. బ్రిటన్‌లో చారిటీ కమిషన్ రిజిస్టరులో సంస్థల లెక్కలతో పాటు 60,000 పౌండ్లు దాటిన జీతాలు ఎందరికి ఇస్తున్నారో కూడా కనిపిస్తుంది.

అంత బహిరంగంగా ఉన్నచోట కూడా మోసం జరగదని కాదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం వారి తానా ఫౌండేషన్ నిధుల్లో మూడు మిలియన్ డాలర్లకు పైగా, కోశాధికారిగా ఉన్న వ్యక్తి సొంత కంపెనీకి మళ్ళించారని ఆ సంస్థ వారే 2024లో వెల్లడించారు. అక్కడి తెలుగువాళ్ళందరికీ అది పెద్ద దెబ్బ. ఫారం ఏడాది గడిచాక వస్తుంది. బ్యాంకు ఖాతా ప్రతి నెలా కదులుతుంది. ఒక్కరి చేతిలోనే ఖాతా ఉండి, రెండో మనిషి నెలనెలా బ్యాంకు స్టేటుమెంటు చూడకపోతే ఎంత మంచి చట్టమైనా తర్వాతే తెలుసుకుంటుంది.

పద్దు చదివే పద్ధతి

లెక్కల కాగితం చేతికి వచ్చాక ఏం చూడాలి? ఇన్నేళ్ళు పద్దులు రాసిన అనుభవంతో మేము మొదట చూసేవి ఇవి.

మొదటిది, పోయిన ఏడాది ముగింపు నిలువ, ఈ ఏడాది ప్రారంభ నిలువ ఒకటేనా? ఒక్క రూపాయి తేడా ఉన్నా ఆగి అడగాలి.

రెండోది, మార్చి 31 నాటి నిలువ బ్యాంకు పాసుబుక్కుతో సరిపోయిందా? ఆస్తి అప్పుల పట్టీ మనం రాసుకునేది. పాసుబుక్కు బ్యాంకు రాసేది. రెండూ పక్కపక్కన పెట్టాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే అసలు రసీదు చూడాలి, అది సంఘం పేరు మీద ఉందో వ్యక్తి పేరు మీద ఉందో చూడాలి.

మూడోది, రసీదు పుస్తకాలు. ఎన్ని అచ్చు వేయించారు, ఎన్ని వాడారు, మిగిలినవి ఎవరి దగ్గర ఉన్నాయి? వరుస నంబర్లలో ఖాళీ ఉంటే ఆ పుస్తకం ఎక్కడికి పోయింది?

నాలుగోది, "ఇతర ఖర్చులు" పద్దు. అన్ని పద్దుల్లోకీ అదే పెద్దదైతే దాన్ని విడగొట్టి చూపమనాలి.

ఐదోది, జీతాల పద్దు. మొత్తాన్ని మనుషుల సంఖ్యతో, నెలలతో భాగించాలి. ఆ సంగతి చాలామంది చేయరు. జీతాలు విడిగా చూపకుండా "విద్యా కార్యక్రమాలు", "నిర్వహణ" అనే పెద్ద పద్దుల్లో కలిపేస్తే విడదీయమని అడగాలి. ఓచరు మీద సంతకం పెట్టిన మొత్తం, చేతికి వచ్చిన మొత్తం ఒకటేనా అని ఆ ఉద్యోగిని ఒంటరిగా, మర్యాదగా అడగాలి. ఎక్కువకు సంతకం పెట్టించుకుని తక్కువ ఇచ్చే బళ్ళ గురించి మనకందరికీ తెలుసు. బ్యాంకులో జీతం వేసి, కొంత నగదుగా వెనక్కి తీసుకున్న సంగతులు కూడా మా సభ్యుల ఇళ్ళలోనే విన్నాం.

మా సంఘంలో జరిగినది

కొన్నేళ్ళ కిందట ఉగాది అయ్యాక మా సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "తెలుగు చెప్పే ఆయమ్మకు నెలకెంత ఇస్తా ఉండారప్పా?" అని అడిగారు. మాకు చురుక్కుమంది. రాత్రింబవళ్ళు సంఘం పని చేస్తుంటే మమ్మల్నే అడుగుతారా అనిపించింది. "అంతా పద్దులో ఉంది సార్" అని కూర్చోబెట్టాం.

ఇంటికి వచ్చి పుస్తకం తీశాం. "విద్యా కార్యక్రమాలు" కింద రూ. 41,000 ఉంది. చూడడానికి బాగానే ఉంది. విడగొడితే బహుమతులకు, పుస్తకాలకు, బ్యానర్లకు రూ. 26,000 పోయింది. ఆదివారం ఆదివారం పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆమెకు నెలకు రూ. 1,500 చొప్పున పది నెలలకు రూ. 15,000. అందులో రెండు నెలలది ఇంకా "చెల్లించవలసినవి" కింద ఉంది. అదే ఏడాది ఉగాది పందిరికి, భోజనాలకు రూ. 62,000 ఖర్చు పెట్టాం. భోజనాల లెక్క గుర్తుంది, ఆమె లెక్క మరిచిపోయాం.

ఎవరూ పైసా తినలేదు. ఆడిటరు సంతకం కూడా ఉంది. అయినా ఆ పద్దు రాసిన తీరు సభ్యులకు నిజం చెప్పలేదు. తెలుగు నిలబెట్టడానికి పెట్టుకున్న సంఘం, ఆ తెలుగు చెప్పే మనిషికి ఏమిస్తోందో దాచింది. దాచాలని దాచలేదు, కలిపి రాశాం. ఫలితం ఒకటే.

మరుసటి నెలలో బాకీ తీర్చి, ఆ పద్దును విడగొట్టి, నోటీసు బోర్డు మీద పేర్లతో సహా అంటించాం. అప్పుడు ఆమే వచ్చి బాధపడింది. "నాకింత తక్కువ వస్తుందని ఊరందరికీ తెలియాలా సార్?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కాగితం తీసేశాం. కార్యవర్గంలో చర్చ పెట్టి రెండు నిర్ణయాలు చేశాం. జీతం నెలకు రూ. 3,000 చేశాం. పేర్లు రాయకుండా పనిని బట్టి, "తెలుగు బోధన, ఒకరు, నెలకు ఇంత", "హాలు శుభ్రం చేసేవారు, ఒకరు, నెలకు ఇంత" అని రాయడం మొదలుపెట్టాం. కార్యవర్గ సభ్యుల ప్రయాణ ఖర్చులు మాత్రం పేర్లతోనే రాస్తాం, ఎందుకంటే అవి మాకు మేము ఇచ్చుకునేవి.

ఈ కాగితం తెలుగులోనూ కన్నడంలోనూ పెడతాం. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రానివాళ్ళు చాలామంది, వాళ్ళు చదువుకున్నది కన్నడంలో. అర్థం కాని లిపిలో పెట్టిన లెక్క చూపనట్టే.

ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. కార్యవర్గంలో ఒకరు, లెక్కలు గోడకెక్కితే ఊళ్ళో నోళ్ళకు పని చెప్పినట్టేనని రాజీనామా చేశారు. ఆయన ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

మంచివాళ్ళున్నచోట లెక్క ఎందుకు?

ఈ మాట ఎక్కువగా వింటాం. మన జిల్లావాడే, గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారిని ఉదాహరణ చెబుతారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా పనిచేసిన మనిషి, నేషనల్ కాలేజీ హాస్టలు గదిలోనే జీవితం గడిపారు. అలాంటివారిని ఎవరు లెక్క అడుగుతారు అంటారు. నిజమే. ఆయన 2005లో కన్నుమూశారు. ఆయన పెంచిన సంస్థలు ఇంకా నడుస్తున్నాయి. మంచి మనిషి పోయాక మిగిలేది పద్ధతే. ఆ పద్ధతిని మంచివాళ్ళు ఉన్నప్పుడే పెట్టాలి, వాళ్ళకైతే అది బరువు కాదు.

ఈ ఏడాది మీ సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళేటప్పుడు పోయిన ఏడాది లెక్కల కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళండి. ముగింపు నిలువ ఒక్కటి చూడండి. అందరికన్నా తక్కువ జీతం ఎవరికి, ఎంత అని ఒక్క ప్రశ్న అడగండి. కార్యదర్శి మొహం చిన్నబుచ్చుకున్నా పరవాలేదు. మా మొహమూ ఆ రోజు అట్లాగే అయింది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతి ఉగాదికీ మా నోటీసు బోర్డు మీద ఉంటుంది.